గాలి రోజున, లోతు తక్కువ ఉప్పునీళ్లలో కయాక్ మీద గాలం: సమస్య - పరిష్కారం

టెక్సాస్ తీరంలో గాలి లేని రోజు కోసం కూర్చుంటే సీజన్ కాస్తా అయిపోతుంది. వసంతం వచ్చిందంటే ఆగ్నేయపు గాలి చాలా రోజులు మధ్యాహ్నానికి బలపడుతుంది. ఇక్కడ అందరూ వెతికే చేప రెడ్‌ఫిష్ తిరిగే చోటేమో లోతు ఉండదు: లగూనా మాద్రే అనే తీరపు ఉప్పునీటి సరస్సు సగటు లోతు మూడడుగులే. హ్యూస్టన్, శాన్ ఆంటోనియోల నుంచి వారాంతాల్లో గాల్వెస్టన్, రాక్‌పోర్ట్, పోర్ట్ అరాన్సస్ వైపు వెళ్లే మనవాళ్లకు ఈ ఇబ్బందులు తెలిసినవే. నా లెక్కలో వీటిలో చాలావాటికి మందు కొత్త రాడ్ కాదు, గాలికి పడవను ఎటు తిప్పి నిలపాలో తెలియడం.

ఎర విసిరేలోపే పడవ చేపల మీదికి కొట్టుకుపోతోంది

కారణం: కయాక్ నీళ్లలో మునిగేది కొన్ని అంగుళాలే. సీటు, మనిషి, క్రేట్ (సామాను పెట్టె), నిలబెట్టిన రాడ్లు అన్నీ పైనే ఉండి తెరచాపలా గాలి పడతాయి. పైగా గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 10 మైళ్ల గాలిలో హాయిగా ఉన్న పడవ 20లో మాట వినదు.

పరిష్కారం: అవసరం లేని రాడ్లు పడుకోబెట్టండి, క్రేట్ ఎత్తు తగ్గించండి. నడుము లోతు నీళ్లుంటే డ్రిఫ్ట్ సాక్‌ను, అంటే నీళ్లలో గొడుగులా విచ్చుకుని పడవను ఆపే గుడ్డ సంచిని, వెనక కొసకు కట్టి వదలండి. వేగం తగ్గుతుంది, ముక్కు గాలి పోయే వైపు నిలుస్తుంది, మీరు ముందుకే విసరొచ్చు. మోకాలి లోతులో, గడ్డి మీద మాత్రం అది పనికిరాదు, నేలకు రాసుకుంటూ గడ్డి నింపుకుంటుంది. అక్కడ స్టేక్ అవుట్ పోల్ (పడవను కట్టే పొడవాటి కర్ర) బురదలో గుచ్చి ఆగడమే మేలు. ఆయిస్టర్ (గట్టి చిప్పల) గుట్టల మీద పోల్ దిగదు, ప్రయత్నించకండి.

లంగరు వేయగానే పడవ పక్కకు ఒరుగుతోంది

అన్నిటిలోకీ ప్రమాదం ఇదే. తాడు సీటు పక్కన, చేతికి అందే చోట కట్టేస్తారు. అప్పుడు గాలి, అలలు పక్క నుంచి తోస్తుంటే, తాడు అదే పక్కను కిందికి లాగుతుంది. కాస్త పెద్ద అల వచ్చినా బోల్తా.

తాడు కొసల్లో ఏదో ఒకదాని నుంచే లాగాలి. కూర్చున్న చోటు నుంచి కొసలకు చెయ్యి అందదు కాబట్టే యాంకర్ ట్రాలీ వచ్చింది: పడవ పక్కన ముందూ వెనకా రెండు చిన్న కప్పీలు, వాటి మధ్య తిరిగే తాడు, దానికో రింగు. లంగరు తాడును ఆ రింగులోంచి పోనిచ్చి, రింగును ముందుకో వెనక్కో జరుపుతారు. కొనదలిస్తే ముందు దీన్నే కొనండి. మూడడుగుల నీళ్లలో ఫిష్‌ఫైండర్ చాలావరకు అలంకారం.

చిన్న అలలున్నప్పుడు వెనక కొసను గాలికి పెడితే, గాలి పోయే వైపు విసరడం సులువు. తెల్లనురగ అలలు మొదలయ్యాక ముక్కునే గాలికి పెట్టండి, లేదంటే వెనక నుంచి నీళ్లు ఎక్కుతాయి. లంగరు తాడుకు ఓ చిన్న ఫ్లోట్ కట్టి ఉంచితే, పెద్ద చేప పడ్డప్పుడో అల ముంచుకొచ్చినప్పుడో తాడు వదిలేసి పోవచ్చు, తర్వాత వచ్చి తీసుకోవచ్చు. తాడు కోయాల్సి వస్తే అందేలా కత్తి మాత్రం లైఫ్ జాకెట్ మీదే ఉండాలి.

తెడ్డు వేస్తుంటే ముక్కు గాలికి ఎదురు తిరుగుతోంది

ముందుకు పోతున్న పడవకు ముక్కు దగ్గర నీటి పట్టు ఎక్కువ, వెనక తక్కువ. గాలి ఆ వెనక భాగాన్నే పక్కకు నెడుతుంది. ఐస్, బరువైన సామాను కాస్త వెనక్కి జరపండి, రడ్డర్ (చుక్కాని) ఉంటే దించండి. గడ్డి, ఆయిస్టర్లు వచ్చినచోట దాన్ని పైకి లాగేయాలి.

చేపలు కనిపిస్తున్నాయి, దగ్గరికెళ్తే చెదిరిపోతున్నాయి

పక్కవాటుగా ఉన్న పడవకు అలలు టపటపా కొట్టుకుంటాయి. అడుగు లోతు నీళ్లలో ఆ చప్పుడు చేపకు దండోరానే. ముక్కును గానీ వెనక కొసను గానీ గాలికి పెట్టి, దూరంగానే ఆగి విసరండి.

లైన్ ముడులు పడుతోంది, ఎర దూరం పోవట్లేదు

తేలిక ఎర, ఎత్తుగా విసరడం, వదులుగా చుట్టుకున్న బ్రెయిడ్ (అల్లిన లైన్): మూడూ కలిస్తే ముడే. రాడ్‌ను పక్కగా, నీటికి దగ్గరగా విసరండి. రీల్ బెయిల్ (లైన్‌ను పట్టి చుట్టే తీగ కమ్మీ) చేత్తోనే మూసి, లైన్ బిగించాకే చుట్టండి. గాలిలో నాకు నమ్మకమైనది బంగారు రంగు వీడ్‌లెస్ స్పూన్, అంటే కొక్కెం గడ్డికి తగులుకోని, చెంచా ఆకారపు లోహపు ఎర. బరువుంటుంది, తేలే గడ్డి తక్కువ పట్టుకుంటుంది. స్పూన్ తిరిగి లైన్ మెలికపడుతుంది కాబట్టి ముందు స్వివెల్ (తిరిగే చిన్న కొక్కీ) పెట్టండి.

టైడ్ (ఆటుపోట్ల) పట్టికలో నీళ్లున్నాయి, అక్కడికెళ్తే బురదే

ఈ బేలలో (తీరపు అఖాతాల్లో) టైడ్ తేడా తక్కువ, నీటిమట్టాన్ని ఎక్కువగా ఆడించేది గాలి. చలికాలంలో కోల్డ్ ఫ్రంట్ (దూసుకొచ్చే చల్లగాలి అంచు) వెనక వచ్చే ఉత్తరపు గాలి బేలలోని నీటిని సముద్రంలోకి నెట్టేస్తుంది. పట్టికలోది సూర్యచంద్రుల లెక్క, గాలి అందులో ఉండదు. వెళ్లేముందు నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) గేజ్‌లో నిజంగా నమోదైన మట్టం చూసి, అంచనాతో పోల్చుకోండి.

తిరిగి రాలేకపోతున్నాం

ఉదయం గాలి వాలున సరదాగా పోయి, సాయంత్రం పెరిగిన ఎదురుగాలిలో తెడ్డేయడం వల్లే ఇది. పొద్దున్నే ఎదురుగాలికి వెళ్లండి, వచ్చేటప్పుడు గాలే తెస్తుంది. అప్పటికే చిక్కుకుంటే గాలి చాటున్న ఒడ్డు పట్టుకుని రండి. అడుగు గట్టిగా ఉంటే దిగి, పడవను తాడుతో లాగుతూ నడవొచ్చు. బూట్లు ఉండాలి, పాదాలు ఎత్తకుండా ఈడ్చాలి, స్టింగ్‌రేలు అలికిడికి తప్పుకుంటాయి. తీరం పొడవునా సాగే ఇంట్రాకోస్టల్ పడవ కాలువ దాటాల్సి వస్తే నడక కుదరదు, అక్కడ లోతు ఎక్కువ, బార్జీలు పోతుంటాయి. అలాంటప్పుడు ఇవతలి ఒడ్డునే ఆగి ఫోన్ చేయండి.