ఇంగ్లీషు రాత, 7వ పాఠం: తోకన కొక్కెం, తలన కొక్కెం

ఆరో పాఠంలో సమాపక క్రియను, అంటే కాలం చూపిస్తూ వాక్యాన్ని ముగించే క్రియను, గుర్తుపట్టడం నేర్చుకున్నాం. అది ఇంకా చేతికి రాకపోతే ఈ పాఠం ఇప్పుడే మొదలుపెట్టకండి. రెండు రోజులు ఆగి, ఏదైనా ఇంగ్లీషు పేపర్లోంచి పది వాక్యాలు తీసుకుని క్రియల కింద గీతలు గీసి రండి. ఈ రోజు లెక్కంతా ఆ గీతల మీదే నడుస్తుంది.

ఇక్కడ ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు లిపిలో ఉంటాయి. వాటిని చూసి నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి, అదే మీకు డిక్టేషన్. ఎడమ పేజీలో విడి వాక్యాలు, కుడి పేజీలో కలిపిన వాక్యం ఉండాలి. పెన్సిలు వద్దు, పెన్నుతోనే రాయండి. తప్పు పోతే కొట్టేసి పక్కన మళ్లీ రాయండి. చెరిపేస్తే, ఎక్కడ పొరపాటు పడ్డారో వారం తర్వాత మీకే కనిపించదు.

ఇక విషయానికి వద్దాం.

"సీత బజారుకు వెళ్లి, కూరగాయలు కొని, ఇంటికొచ్చి వంట చేసింది."

పనులు నాలుగు, సమాపక క్రియ మాత్రం ఒక్కటే: 'చేసింది'. వెళ్లి, కొని, వచ్చి అనేవి క్త్వార్థకాలు. బళ్లో చదివిన శత్రర్థకం (చేస్తూ), చేదర్థకం (చేస్తే) కూడా ఇలాంటివే. వీటన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. రెండు వాక్యాలను తగిలించే కొక్కెం తెలుగులో క్రియ తోకకే ఉంటుంది. 'కాబట్టి', 'అయినా', చివరికి 'అని' కూడా ముందు వాక్యం అయిపోయాకే వస్తాయి. ఇంగ్లీషులో ఇది తిరగబడుతుంది. బికాజ్, ఆల్దో, వెన్, ఇఫ్, హూ, దట్ అన్నీ తాము తగిలించే వాక్యానికి తలలో కూర్చుంటాయి. తెలుగువాళ్ల ఇంగ్లీషు రాతలో కలిపేచోట దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క తేడా నుంచే పుడుతున్నాయి.

అందుకే ఒక లెక్క పెట్టుకుందాం. కలిపిన వాక్యంలో సమాపక క్రియలు ఎన్ని ఉన్నాయో, కొక్కేలు అంతకు ఒకటి తక్కువ ఉండాలి. రెండు క్రియలకు ఒక కొక్కెం, మూడు క్రియలకు రెండు. ఒకే కర్త వరసగా చేసిన పనుల గొలుసును మాత్రం ఒక్క క్రియగానే లెక్కించండి. ఆ గొలుసులోని అండ్‌ను కొక్కెంగా లెక్కపెట్టొద్దు.

సీత వాక్యం అలాంటి గొలుసే.

సీత వెంట్ టు ది మార్కెట్, బాట్ వెజిటబుల్స్, కేమ్ హోమ్ అండ్ కుక్డ్ డిన్నర్.

ఇక్కడ చాలామంది 'వెంట్ టు ది మార్కెట్ అండ్ బై వెజిటబుల్స్' అని రాస్తారు. కారణం తెలుసుకుంటే దిద్దుకోవడం తేలిక. తెలుగులో కాలం చెప్పేది చివరి క్రియ ఒక్కటే కాబట్టి, కాలాన్ని ఒక్కచోట చూపిస్తే చాలని చెయ్యి అనుకుంటుంది. ఇంగ్లీషులో గొలుసులోని ప్రతి క్రియా కాలాన్ని విడిగా మొయ్యాలి. వెంట్, బాట్, కేమ్, కుక్డ్ అని నాలుగూ భూతకాలంలోనే ఉండాలి.

ఇప్పుడు లెక్కను పనిలో పెడదాం.

ఇట్ రెయిన్డ్, ది మ్యాచ్ స్టాప్డ్.

రెండు క్రియలున్నాయి, కొక్కెం ఒక్కటీ లేదు. తెలుగులో 'వాన పడింది, మ్యాచ్ ఆగిపోయింది' అని కామాతో సరిపెట్టుకోవచ్చు. ఇంగ్లీషు కామాకు రెండు పూర్తి వాక్యాలను పట్టి ఉంచే బలం లేదు. ఫుల్‌స్టాప్ అయినా పెట్టాలి, కొక్కెం అయినా వెయ్యాలి. సెమీకోలన్ పెడితే దాన్నే కొక్కెంగా లెక్కించవచ్చు.

ఆల్దో హి వాజ్ ఇల్, బట్ హి కేమ్ టు వర్క్.

రెండు క్రియలకు రెండు కొక్కేలు పడ్డాయి. మాటల్లో మనం 'ఒంట్లో బాగా లేకపోయినా కానీ వచ్చాడు' అంటాం కదా, ఆ అలవాటే ఇక్కడ దిగింది. ఆల్దో, బట్‌లలో ఏదో ఒకటి తీసెయ్యండి. బికాజ్, సో రెండూ ఒకే వాక్యంలో పడితే అదీ ఇదే తప్పు.

బికాజ్‌తో ఇంకో ప్రమాదం ఉంది, అది లెక్కకు దొరకదు. 'వాన పడింది కాబట్టి మ్యాచ్ ఆగిపోయింది' అన్న వాక్యంలో 'కాబట్టి' ఉన్నచోటే బికాజ్ పెట్టేస్తే ఇలా తయారవుతుంది: ఇట్ రెయిన్డ్ బికాజ్ ది మ్యాచ్ స్టాప్డ్. మ్యాచ్ ఆగినందుకు వాన పడిందట! బికాజ్ వెనకాల వచ్చేది ఎప్పుడూ కారణమే. రాసిన ప్రతిసారీ బికాజ్ మీద వేలు పెట్టి, దాని కుడిపక్క ఉన్నది కారణమేనా అని చూసుకోండి. 'కాబట్టి' ఉన్నచోట యథాతథంగా కూర్చోగలిగేది సో.

'నిన్న వచ్చిన అబ్బాయి' లాంటివాటిలో వర్ణన పేరుకు ముందుంటుంది. ఇంగ్లీషులో వెనక్కి పోతుంది: ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే. ఇక్కడ కాపు కాయాల్సింది అదనంగా దూరే సర్వనామాన్ని. 'ది బుక్ విచ్ ఐ బాట్ ఇట్ ఈజ్ గుడ్' అనడం తప్పు. పుస్తకం పని విచ్ అప్పటికే చేసేసింది, మళ్లీ ఇట్ ఎందుకు?

ఇంగ్ రూపం దగ్గర మాత్రం తెలుగే మనకు సాయం చేస్తుంది. ఈ వాక్యం చూడండి.

వైల్ రీడింగ్ ది పేపర్, ది పవర్ వెంట్ ఆఫ్.

తప్పు ఎక్కడో ఇంగ్లీషులో వెంటనే తట్టకపోవచ్చు. తెలుగులో చెప్పి చూడండి: 'పేపరు చదువుతూ కరెంటు పోయింది.' చెవికే తెలిసిపోతుంది. 'చదువుతూ' అంటే రెండు పనులకూ కర్త ఒక్కరే కావాలి, కరెంటు పేపరు చదవదు. 'నేను పేపరు చదువుతుంటే కరెంటు పోయింది' అనాలి. ఇంగ్లీషు సూత్రమూ అదే. తెలుగులో 'చేస్తూ' నప్పితే వైల్ తర్వాత నేరుగా ఇంగ్ రూపం వెయ్యండి. 'చేస్తుంటే' కావాల్సి వస్తే కర్తను పైకి చెప్పండి: వైల్ ఐ వాజ్ రీడింగ్ ది పేపర్, ది పవర్ వెంట్ ఆఫ్.

విడి వాక్యాలిచ్చి కలిపించి రాత నేర్పే పద్ధతి అమెరికాలో 1960, 70ల్లో బలపడింది. ఏడో తరగతి పిల్లల మీద ఫ్రాంక్ ఒహేర్ చేసిన అధ్యయనం 1973లో వచ్చింది. వ్యాకరణం పేర్లు నూరిపోయకుండా కలిపించే అభ్యాసం ఒక్కటే చేయించినా వాళ్ల రాత మెరుగుపడిందని అది చూపింది. అయితే వాళ్లు ఇంగ్లీషు మాట్లాడే గడ్డ మీద పుట్టిన పిల్లలు, కొక్కెం తలన ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనకు చెప్పాలి, అందుకే ఇంతసేపు.

ఇప్పుడు ఒక పూర్తి లెక్క చేద్దాం. ఎడమ పేజీలో ఈ నాలుగు వాక్యాలు రాయండి.

ఆర్థర్ కాటన్ వాజ్ ఎ బ్రిటిష్ ఇంజనీర్.
హి బిల్ట్ ఏన్ యానికట్ ఎట్ ధవళేశ్వరం.
ది యానికట్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852.
ఇట్ బ్రాట్ కెనాల్ వాటర్ టు ది గోదావరి డెల్టా.

(యానికట్ మన ఆనకట్టే. తమిళ అణైకట్టు నుంచి ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది.)

మొదట తోచేది అన్నిటి మధ్యా అండ్ పెట్టడం. లెక్క సరిపోతుంది, తప్పూ కాదు, కానీ నాలుగు విషయాలూ ఒకే ఎత్తులో నిలబడతాయి. ఏది ముఖ్యమో నిర్ణయించడమే కలపడంలో అసలు పని. ఇక్కడ ముఖ్యమైనది ఆనకట్ట కట్టడం, కాటన్ ఇంజనీరు అన్నది పక్క సమాచారం. దానికి క్రియ కూడా దండగే. 'వాజ్' తీసేసి పేరుకు ముందు చేర్చవచ్చు: ది బ్రిటిష్ ఇంజనీర్ ఆర్థర్ కాటన్. ఒక క్రియ తగ్గింది, ఒక కొక్కెం ఆదా అయింది.

మూడో వాక్యాన్ని విచ్‌తో తగిలిద్దాం: బిల్ట్ ఏన్ యానికట్ ఎట్ ధవళేశ్వరం, విచ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852. చదివి చూడండి. 1852లో పూర్తయింది ధవళేశ్వరం ఊరా, ఆనకట్టా? హూ, విచ్, దట్ తమకు ఆనుకుని ఉన్న పేరునే పట్టుకుంటాయి. ఊరిపేరు అడ్డం వచ్చింది కాబట్టి దాన్ని వాక్యం మొదటికి జరుపుదాం.

ఎట్ ధవళేశ్వరం ది బ్రిటిష్ ఇంజనీర్ ఆర్థర్ కాటన్ బిల్ట్ ఏన్ యానికట్ దట్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852 అండ్ బ్రాట్ కెనాల్ వాటర్ టు ది గోదావరి డెల్టా.

లెక్క చూడండి. బిల్ట్ ఒకటి. 'వాజ్ కంప్లీటెడ్ అండ్ బ్రాట్' రెండూ ఆనకట్టకే చెందిన గొలుసు, కాబట్టి ఒకటి. రెండు క్రియలకు ఒక కొక్కెం, దట్. ఈ వాక్యాన్ని పైకి మూడుసార్లు చదవండి. ఊపిరి ఎక్కడా తెగకూడదు. తెగితే మీ వాక్యం మరీ పొడుగైందన్నమాట, రెండుగా విరవండి.

ఇక ఒకరి మాటను మన వాక్యంలోకి తేవడం. ఇదీ కలపడమే, అవతలివారి వాక్యాన్ని మన వాక్యానికి తగిలిస్తున్నాం. తెలుగులో కొక్కెం 'అని'.

ప్రత్యక్ష కథనంలో ఇంగ్లీషుకు కొక్కెం అక్కర్లేదు. కామా, కొటేషన్ మార్కులే పట్టి ఉంచుతాయి.

రవి సెడ్, “ఐ విల్ పే ది ఫీజ్ టుమారో.”

సెడ్ తర్వాత కామా పెట్టాలి. మార్కు లోపల మొదటి అక్షరం పెద్దది. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు కాబట్టి ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. ఫుల్‌స్టాప్ మార్కు లోపలే ఉండాలి. మాట ముందు వస్తే లోపల ఫుల్‌స్టాప్ బదులు కామా వస్తుంది: “ఐ విల్ పే ది ఫీజ్ టుమారో,” సెడ్ రవి. ప్రశ్నయితే కామా రాదు, ప్రశ్నార్థకం ఒక్కటే చాలు: “వేర్ ఆర్ యు గోయింగ్?” షి ఆస్క్డ్. 'రవి సెడ్ దట్, “ఐ విల్ పే…”' అని రాస్తే మార్కులూ కొక్కెమూ రెండూ వేసినట్టు.

పరోక్ష కథనంలో మాత్రం కొక్కెం కావాలి. తెలుగువాళ్లు అచ్చంగా జారిపడేది ఇక్కడే. ఈ వాక్యం నెమ్మదిగా చదవండి: 'రవి తాను మర్నాడు ఫీజు కడతానని చెప్పాడు.' నేను పోయి తాను వచ్చింది. క్రియ? 'కడతాను' అలాగే ఉంది. మాట పరోక్షమైనా క్రియలో 'నేను' మిగిలిపోయింది, కాలమూ మారలేదు. తెలుగుకు అది సహజం. ఆ క్రియే చెవిలో మోగుతుంటుంది కాబట్టి 'రవి సెడ్ దట్ ఐ విల్ పే' అని రాసేస్తాం. అప్పుడు ఫీజు కట్టాల్సింది రాసినవాళ్లవుతారు! ఇంగ్లీషులో పురుష, కాలం, రోజు మూడూ మారాలి.

రవి సెడ్ దట్ హి వుడ్ పే ది ఫీజ్ ది నెక్స్ట్ డే.

రెండు క్రియలు, ఒక కొక్కెం. సెడ్ తర్వాత దట్‌ను పైకి చెప్పకపోయినా అది దాగి ఉన్నట్టే లెక్క. చెప్పే క్రియ సేస్ అని వర్తమానంలో ఉంటే లోపలి కాలం మారదు. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయి లాంటి ఎప్పటికీ నిజమయ్యే మాటలకూ మార్చనక్కర్లేదు.

'ఎక్కడికి వెళ్తున్నావని అడిగింది' అన్నప్పుడు 'వేర్' అన్న మాటే కొక్కెంగా పనిచేస్తుంది, దట్ వెయ్యకూడదు. ప్రశ్న వరస కూడా మామూలు వాక్యం వరసకు వచ్చేస్తుంది: షి ఆస్క్డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్. 'వస్తావా అని అడిగింది' అన్నచోట తెలుగులో ప్రశ్నంతా ఆ చివరి 'ఆ'లో ఉంది. ఇంగ్లీషులో అది ఇఫ్ అయి తలకెక్కుతుంది: షి ఆస్క్డ్ ఇఫ్ ఐ వుడ్ కమ్. ఎవరితో అన్నారో చెప్పాలంటే టోల్డ్ మి, లేదా సెడ్ టు మి. 'సెడ్ మి', 'టోల్డ్ టు మి' రెండూ తప్పే.

ఆజ్ఞలకు ఇంట్లో ఉన్న దగ్గు సిరప్ సీసా తెచ్చుకోండి. చాలా సీసాల మీద ఈ రెండు ముక్కలుంటాయి: షేక్ వెల్ బిఫోర్ యూజ్. స్టోర్ ఇన్ ఎ కూల్, డ్రై ప్లేస్. మొదటిదాన్ని మూడు రకాలుగా రాసి చూద్దాం.

ది లేబుల్ సేస్, “షేక్ వెల్ బిఫోర్ యూజ్.”
ది లేబుల్ సేస్ దట్ షేక్ వెల్.
ది లేబుల్ టెల్స్ అస్ టు షేక్ ది బాటిల్ వెల్ బిఫోర్ యూజ్.

మధ్యది తప్పు. దట్ వెనకాల కర్త ఉన్న పూర్తి వాక్యం రావాలి, అక్కడ కర్త లేదు. మూడోదాంట్లో టు షేక్ సమాపక క్రియ కాదు కాబట్టి కొక్కెం అవసరం రాలేదు.

రెండో ముక్కలోంచి కొన్ని మాటలే కావాలనుకోండి: ది లేబుల్ టెల్స్ అస్ టు కీప్ ది సిరప్ ఇన్ “ఎ కూల్, డ్రై ప్లేస్”. ముక్క తెచ్చినప్పుడు దాని ముందు కామా ఉండదు, పెద్దక్షరమూ ఉండదు. మార్కులు తీసేసి చదివినా వాక్యం నడవాలి, అదే పరీక్ష. ఇలాంటి ముక్క చివర ఫుల్‌స్టాప్‌ను బ్రిటిష్ పద్ధతిలో మార్కు బయట, అమెరికన్ పద్ధతిలో లోపల పెడతారు. అమెరికాలో చదువుకునేవారు లోపలే పెట్టండి. ఏది పాటించినా ఒక వ్యాసంలో ఒక్కటే పాటించండి.

ఈ వారం అభ్యాసం: రోజుకు పదిహేను నిమిషాలు, ఐదు వాక్యాలు. మొదటి రోజువి ఇవిగో.

1. మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఎయిటీ. హి వాక్స్ ఎవ్రీ డే. (ఆల్దోతో కలపండి)
2. ది డ్యామ్ ఈజ్ ఆన్ ది కృష్ణా. వి విజిటెడ్ ది డ్యామ్ లాస్ట్ ఇయర్. (దట్‌తో కలపండి)
3. వైల్ క్రాసింగ్ ది రోడ్, ఎ లారీ హిట్ హిమ్. (తప్పు దిద్దండి)
4. అమ్మ సెడ్ టు మి, “హావ్ యు లాక్డ్ ది డోర్?” (పరోక్షంలోకి మార్చండి)
5. ది టీచర్ సెడ్ టు అస్, “డోంట్ రైట్ ఇన్ పెన్సిల్.” (పరోక్షంలోకి మార్చండి)

రాయడం పూర్తయ్యాకే కిందికి రండి.

1. ఆల్దో మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఎయిటీ, హి వాక్స్ ఎవ్రీ డే.
2. ది డ్యామ్ దట్ వి విజిటెడ్ లాస్ట్ ఇయర్ ఈజ్ ఆన్ ది కృష్ణా. విజిటెడ్ తర్వాత ఇట్ రాసి ఉంటే కొట్టెయ్యండి.
3. వైల్ హి వాజ్ క్రాసింగ్ ది రోడ్, ఎ లారీ హిట్ హిమ్. 'దాటుతూ' కాదు, 'దాటుతుంటే'.
4. అమ్మ ఆస్క్డ్ మి ఇఫ్ ఐ హ్యాడ్ లాక్డ్ ది డోర్. 'హ్యాడ్ ఐ లాక్డ్' అని రాసినవారు ప్రశ్న వరస గురించి చెప్పిన పేరా మళ్లీ చదవండి.
5. ది టీచర్ టోల్డ్ అస్ నాట్ టు రైట్ ఇన్ పెన్సిల్. నాట్ అనేది టుకి ముందుంటుంది.

మిగతా ఆరు రోజులకూ వాక్యాలు మీరే తయారు చేసుకోండి. మీరు ఆ రోజు ఫోన్లో విన్న ఐదు తెలుగు మాటలను 'అని'తో రాసి, ఇంగ్లీషులోకి మార్చితే చాలు. ఎనిమిదో పాఠానికి, కనీసం మూడు చోట్ల కొటేషన్ మార్కులున్న ఇంగ్లీషు వార్త ఒకటి కత్తిరించి దగ్గర పెట్టుకోండి.