జన్యువుల చెట్టు చదవడం – 3వ పాఠం: కణుపులకు గుర్తులు

మయోగ్లోబిన్ (కండరాల్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్) సాయంతో, దాని బంధువులైన గ్లోబిన్ జన్యువుల చెట్టుకు వేరు ఎక్కడుందో పోయిన పాఠంలో తేల్చాం. ఇప్పుడు మయోగ్లోబిన్‌ను పక్కన పెట్టేయండి. మిగిలినవి ఆరు పేర్లు: మనిషి, చిట్టెలుక, కోడి, ఒక్కోదానికీ ఒక ఆల్ఫా, ఒక బీటా (రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తయారుచేసే రెండు రకాల గ్లోబిన్ జన్యువులు).

కొమ్మ రెండుగా చీలే చోటు కణుపు. జీవజాతి రెండుగా విడిపోతే వచ్చిన కణుపుకు ‘జా’ అని, జన్యువుకు నకలు ఏర్పడితే వచ్చినదానికి ‘న’ అని రాయాలి. ఏది ఏదో తెలియాలంటే కణుపుకు రెండు పక్కలా ఉన్న జీవుల్ని చూడండి. ఒకే జీవి అటూ ఇటూ కనిపిస్తే ‘న’, లేకపోతే ‘జా’. అన్నిటికంటే అడుగున్న కణుపుకు ఒక పక్క ఆల్ఫాలు, ఇంకో పక్క బీటాలు. మనిషి రెండు చోట్లా ఉన్నాడు కాబట్టి అది ‘న’. 40 కోట్ల ఏళ్లకు పైబడిన నకలు అది! పైనున్న నాలుగూ ‘జా’లే.

ఇక ఏ రెండు జన్యువులనైనా తీసుకుని, అవి కిందికి వస్తూ మొదట కలిసే కణుపు చూడండి. ‘జా’ అయితే ఆర్థోలాగ్‌లు, ‘న’ అయితే పారాలాగ్‌లు. 1970లో వాల్టర్ ఫిచ్ చేసిన విభజన ఇది. మనిషి ఆల్ఫా, చిట్టెలుక బీటా ఏమవుతాయి? వేర్వేరు జీవుల్లో ఉన్నాయి కదా అని చాలామంది ఆర్థోలాగ్‌లు అనేస్తారు. కాదు, అవి కలిసేది ‘న’ దగ్గర. ఏ జీవిలో ఉన్నాయన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మనిషి డెల్టా గ్లోబిన్‌ను కూడా చేర్చండి. తలసీమియా రిపోర్టులో హెచ్‌బీఏ2 అని కనిపించే హిమోగ్లోబిన్ రకం దీనితో తయారైనదే. 146 అమైనో ఆమ్లాల్లో బీటాకూ దీనికీ తేడా 10 చోట్లే. కోడి బీటాతో మనిషి బీటా, డెల్టా రెండూ ‘జా’ దగ్గరే కలుస్తాయి, కనుక రెండూ దానికి ఆర్థోలాగ్‌లే. ఒకదానికి ఒకటే ఉండాలన్న నియమం లేదు. బాగా పోలిన ఒక్కదాన్నే ఏరుకుంటే రెండోది చేజారుతుంది.

ఈ పద్ధతికీ ఒక గండి ఉంది. మన డేటాలో మనిషి బీటా, డెల్టా, చిట్టెలుక ఆల్ఫా లేవనుకోండి. కోడినీ తీసేస్తే మిగిలేవి మనిషి ఆల్ఫా, చిట్టెలుక బీటా. జీవులు వేరు కాబట్టి మన నియమం ‘జా’ అంటుంది, అది తప్పు. కోడి జన్యువులు రెండూ తిరిగి పెట్టి, చెట్టు గీసి, గుర్తులు మళ్లీ వేయండి. ఏ కణుపు మారిందో, ఎందుకు మారిందో రాసి ఉంచండి. వచ్చే పాఠంలో బూట్‌స్ట్రాప్ అంకెలు (ఏ కణుపును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పేవి) వేసేది ఆ చెట్టు మీదే.