ఆఫర్ లేనిదే పందెం లేదు: యూకేలో మ్యాచ్‌డ్ బెట్టింగ్ చేసే పద్ధతి

ఇది యూకేలో ఉంటూ, 18 ఏళ్లు నిండి, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో కూర్చుని చదువుతున్నవాళ్లు దయచేసి దీని జోలికి పోవద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు అడ్డుకట్ట వేసింది. వీపీఎన్ పెట్టుకుని లాగిన్ అవడం లాంటి తెలివితేటలు అసలు వద్దు. బెట్టింగ్ యాప్‌ల దెబ్బకు మన దగ్గర ఎన్ని ఇళ్లు అప్పులపాలయ్యాయో అందరికీ తెలుసు. బెట్టింగ్ అనే మాట వినగానే ఉలిక్కిపడే అమ్మానాన్నలది అనవసరపు భయమేమీ కాదు.

నేను రెడింగ్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, ఫ్రెండ్స్ అందరూ మ్యాచ్‌డ్ బెట్టింగ్ అంటున్నారు, అది సేఫేనా?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ముందుగా వాడికి చెప్పిన మాట ఒకటే: "ఆఫర్ ఉంటేనే పందెం కాయి రా. ఆఫర్ లేకపోతే లాప్‌టాప్ మూసెయ్." ఇందులో వచ్చే ప్రతి పౌండూ బుక్‌మేకర్, అంటే పందేలు తీసుకునే కంపెనీ, ఇచ్చే ప్రమోషన్ నుంచే వస్తుంది. ఏ జట్టు గెలుస్తుందో మనకు తెలియక్కర్లేదు, తెలుసనుకుంటేనే ప్రమాదం.

కొత్త కస్టమర్‌ను రప్పించడానికి ఇక్కడి బుక్‌మేకర్లు "10 పౌండ్లు పెట్టండి, 30 పౌండ్ల ఫ్రీ బెట్ తీసుకోండి" లాంటి ఆఫర్లు ఇస్తారు. ఫ్రీ బెట్ అంటే సొంత డబ్బు పెట్టకుండా వాళ్ల ఖర్చుతో కాసే పందెం. మామూలు మనిషి ఆ పది పోగొట్టుకుని, ఆ ముప్పై కూడా పోగొట్టుకుని, మళ్లీ జేబులోంచి తీస్తాడని వాళ్ల లెక్క. మనం చేసేది ఏమిటంటే, బుక్‌మేకర్ దగ్గర ఒక జట్టు గెలుస్తుందని కాసి, అదే సమయానికి ఎక్స్ఛేంజ్‌లో ఆ జట్టు గెలవదని కాయడం. మొదటిది బ్యాక్, రెండోది లే. ఏది జరిగినా ఒక చోట పోయింది ఇంకో చోట వస్తుంది. చేతిలో మిగిలేది ఆఫర్ విలువ.

ఎక్స్ఛేంజ్ అంటే అర్థం కాకపోతే, సంక్రాంతికి భీమవరం వైపు బరి చుట్టూ జరిగే పైపందేలు గుర్తు తెచ్చుకోండి. అక్కడ నిర్వాహకుడితో పని లేకుండా జనం తమలో తామే "డేగ మీద వెయ్యి", "నెమలి మీద వెయ్యి" అని ఎదురెదురుగా కాస్తారు. బెట్‌ఫెయిర్ 2000లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన ఎక్స్ఛేంజ్ ఆ పద్ధతే. తర్వాత స్మార్కెట్స్, మ్యాచ్‌బుక్ వంటివి వచ్చాయి. మన పందానికి ఎదుట నిలబడేది ఇంకో మనిషి. ఎక్స్ఛేంజ్ మధ్యలో ఉండి, గెలిచినవాళ్ల లాభంలో కొంత కమిషన్ తీసుకుంటుంది. ఈ లెక్కల్లో 2 శాతం అనుకుందాం. మీ ఖాతాకు కమిషన్ ఎంత శాతమో ముందే చూసుకుని ఆ అంకె వాడండి.

ఇక లెక్క. దీన్ని తొందరపడి చదవకండి, కాగితం మీద ఒకసారి వేసుకోండి.

మొదటిది క్వాలిఫయింగ్ బెట్, అంటే ఫ్రీ బెట్ రావడానికి సొంత డబ్బుతో కాసేది. బ్రైటన్, ఫుల్హామ్ ఆడుతున్నాయనుకుందాం. బుక్‌మేకర్ దగ్గర బ్రైటన్ గెలుపుకు ఆడ్స్ 3.0 (అంటే పౌండ్ కాసి గెలిస్తే, పెట్టినదానితో కలిపి మూడు పౌండ్లు చేతికొస్తాయి), ఎక్స్ఛేంజ్‌లో లే ఆడ్స్ 3.1. బుక్‌మేకర్ దగ్గర 10 పౌండ్లు పెట్టాం, ఇలా కాసే మొత్తాన్ని స్టేక్ అంటారు. లే ఎంత పెట్టాలంటే: బ్యాక్ ఆడ్స్ × స్టేక్ ÷ (లే ఆడ్స్ − కమిషన్). కమిషన్ 2 శాతం అంటే 0.02 కాబట్టి 30 ÷ 3.08, సుమారు 9.74 పౌండ్లు. బ్రైటన్ గెలిస్తే మనం ఎక్స్ఛేంజ్‌లో ఎదుటివాళ్లకు ఇవ్వాల్సింది 9.74 × 2.1, అంటే 20.45. దీన్నే లయబిలిటీ అంటారు. ఆ మొత్తం ముందే ఎక్స్ఛేంజ్ ఖాతాలో ఉండాలి. బ్రైటన్ గెలిస్తే బుక్‌మేకర్ దగ్గర 20 లాభం, ఎక్స్ఛేంజ్‌లో 20.45 నష్టం. డ్రా అయినా, ఓడినా బుక్‌మేకర్ దగ్గర 10 పోతుంది, ఎక్స్ఛేంజ్‌లో కమిషన్ పోను 9.55 వస్తుంది. ఎటు చూసినా పోయేది 45 పెన్నీలు. అది ఫ్రీ బెట్‌కు మనం కట్టే ఖరీదు. రెండు చోట్ల ఆడ్స్ ఎంత దగ్గరగా ఉంటే ఈ ఖరీదు అంత తగ్గుతుంది. అందుకే డబ్బు బాగా తిరిగే ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు కొత్తవాళ్లకు మంచివి.

రెండోది ఫ్రీ బెట్. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఫ్రీ బెట్ గెలిస్తే లాభం మాత్రమే ఇస్తారు, 30 పౌండ్ల స్టేక్ తిరిగి ఇవ్వరు. కాబట్టి సూత్రం మారుతుంది: (బ్యాక్ ఆడ్స్ − 1) × ఫ్రీ బెట్ ÷ (లే ఆడ్స్ − కమిషన్). స్టేక్ తిరిగి రాదు గనుక ఆడ్స్ పెద్దగా ఉన్నదాని మీద వాడితేనే ఎక్కువ మిగులుతుంది. ఆడ్స్ 2.0, లే 2.04 అనుకుంటే చేతికొచ్చేది 14.55 దాకానే, ముప్పైలో సగం కూడా లేదు. ఆడ్స్ 6.0, లే 6.2 అయితే లే స్టేక్ 24.27, మిగిలేది దాదాపు 23.78. కానీ దానికి లయబిలిటీ 126.20 పౌండ్లు. అంత డబ్బు ఎక్స్ఛేంజ్‌లో నిలబెట్టాలి. మధ్యలో ఆడ్స్ 4.0, లే 4.1 చూడండి: లే స్టేక్ 22.06, లయబిలిటీ 68.39, మిగిలేది సుమారు 21.61. రెండు పౌండ్ల చిల్లర తగ్గుతుంది గానీ కట్టిపెట్టాల్సిన డబ్బు దాదాపు సగానికి దిగుతుంది. మొదట్లో నేను ఎవరికైనా 4.0 చుట్టుపక్కలే ఉండమని చెబుతాను. స్టూడెంట్ చేతిలో 126 పౌండ్లు వారం రోజులు ఇరుక్కుపోవడం మంచిది కాదు.

ఈ లెక్కలు చేసిపెట్టే కాలిక్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి. ఫ్రీ బెట్ వాడేటప్పుడు అందులో 'స్టేక్ తిరిగిరాదు' అనే మోడ్ ఎంచుకున్నారో లేదో చూడండి. నా మటుకు నేను సొంత ఎక్సెల్ షీట్‌లోనే వేసుకుంటాను. సూత్రం మన చేత్తో టైప్ చేస్తే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

పందెం పెట్టే వేళ రెండు బ్రౌజర్ ట్యాబ్‌లు పక్కపక్కన తెరవండి. బెట్‌ఫెయిర్‌లో నీలం గడి బ్యాక్, గులాబీ గడి లే. మనం నొక్కాల్సింది గులాబీ. గడిలో పైన ఆడ్స్, కింద చిన్న అక్షరాల్లో పౌండ్లు ఉంటాయి. ఆ ఆడ్స్‌కు ప్రస్తుతం ఎంత డబ్బు అందుబాటులో ఉందో ఆ కింది అంకె చెబుతుంది. మీకు 22.06 కావాలి, అక్కడ 15 మాత్రమే ఉందంటే ఆ మ్యాచ్ వదిలి ఇంకోటి చూడండి. సరిపడా ఉంటే ముందు బుక్‌మేకర్ దగ్గర బ్యాక్ వేయండి, బెట్ ఒప్పుకున్నట్టు రసీదు కనిపించాక వెంటనే లే వేయండి. లే వేశాక 'మ్యాచ్‌డ్' అని కనిపించేదాకా ట్యాబ్ మార్చొద్దు. 22.06లో 14 మాత్రమే మ్యాచ్ అయి, 8.06 'అన్‌మ్యాచ్‌డ్'గా వేలాడుతుంటే టెన్షన్ పడకుండా ఆ మిగతాది రద్దు చేసి, పక్కనున్న కాస్త ఎక్కువ ఆడ్స్‌కు వేసేయండి. కొన్ని పెన్నీలు పోతాయి, పోనివ్వండి. ఆడ్స్ మళ్లీ దిగుతాయేమోనని ఎదురుచూస్తూ కూర్చుంటే, ఆ కాసేపూ మీరు చేస్తున్నది నిజమైన జూదం.

ఫ్రీ బెట్ వాడేటప్పుడు బెట్‌స్లిప్‌లో 'ఫ్రీ బెట్ వాడు' అనే టిక్ పడిందో లేదో చూడండి. అది పడకపోతే సొంత 30 పౌండ్లు వెళ్తాయి. రెండు చోట్లా మార్కెట్ ఒకటే అయి ఉండాలి. లీగ్ మ్యాచ్‌లో 'మ్యాచ్ ఫలితం' అంటే 90 నిమిషాలు, ఇంజురీ టైమ్ కలిపి. కప్ మ్యాచ్‌లో 'ముందుకు వెళ్లే జట్టు' అనేది వేరే మార్కెట్, ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు కూడా లెక్కకొస్తాయి. టెన్నిస్‌లో ఆటగాడు మధ్యలో తప్పుకుంటే ఒక చోట పందెం చెల్లుతుంది, ఇంకో చోట రద్దవుతుంది. గుర్రప్పందేల్లో ఒక గుర్రం తప్పుకుంటే చెల్లింపులు తగ్గించే రూల్ 4 ఉంది. మార్చిలో చెల్టెనమ్, ఏప్రిల్‌లో గ్రాండ్ నేషనల్ వచ్చినప్పుడు ఆఫర్లు వర్షంలా కురుస్తాయి, నిజమే. అయినా ఫుట్‌బాల్ చేతికి అలవాటయ్యేదాకా గుర్రాల వైపు చూడకండి.

నిబంధనల పేజీ పూర్తిగా చదవాలి. మొదటి బెట్‌కే వర్తిస్తుందా, కనీస ఆడ్స్ ఎంత, ఎన్ని రోజుల్లో వాడాలి, క్యాష్ అవుట్ చేస్తే (మ్యాచ్ ముగియకముందే పందెం తేల్చుకుంటే) పోతుందా, ఆఫర్ కావాలని ఆప్ట్ ఇన్ నొక్కాలా, ఇవి చూడండి. పేపాల్, స్క్రిల్ లాంటి వాలెట్లతో డబ్బు వేస్తే చాలా ఆఫర్లు వర్తించవు, డెబిట్ కార్డే వాడండి. క్రెడిట్ కార్డు ప్రశ్నే లేదు, 2020 ఏప్రిల్ 14 నుంచి ఇక్కడ దానితో జూదం ఆడటం నిషేధం. క్యాసినో, స్లాట్ ఆఫర్ల జోలికి అసలు వెళ్లొద్దు, అక్కడ ఎదురుపందెం వేసే దారి లేదు. ఫుట్‌బాల్ బెట్ వేయించి స్లాట్ స్పిన్నులు అంటగట్టే కలగాపులగం ఆఫర్లను ఇక్కడి జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ 2026 జనవరి 19 నుంచి ఆపించింది. చాలామంది కుర్రాళ్లు స్లాట్లలో పడింది ఆ దారినే కాబట్టి, నాకు ఆ నిర్ణయం చాలా సంతోషం కలిగించింది.

ఖాతా తెరిచేటప్పుడు గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్స్ ఉందో లేదో కమిషన్ వెబ్‌సైట్ రిజిస్టర్‌లో వెతకండి. పందెం కాయనిచ్చే ముందే పేరు, చిరునామా, పుట్టిన తేదీ సరిచూడాలన్నది నియమం. మనవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మిగతా రెండు మూడు పేర్లు ఇంకో గడిలో ఉంటాయి, బ్యాంకు కార్డు మీద ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపండి, లేకపోతే డబ్బు తీసుకునే వేళ పత్రాలు అడుగుతూ ఆపుతారు. ఒక సంస్థలో 30 రోజుల్లో నికరంగా 150 పౌండ్లకు మించి డిపాజిట్ చేస్తే, మీకు ఆర్థిక ఇబ్బందులేమైనా ఉన్నాయేమోనని వాళ్లు పబ్లిక్ రికార్డులు చూస్తారు. 2025 ఫిబ్రవరి నుంచి అది నియమం, కంగారు పడక్కర్లేదు.

లెస్టర్, కోవెంట్రీ, ఈస్ట్‌హామ్‌లలో ఒకే ఇంట్లో ఆరేడుగురు ఉండే కుర్రాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఆఫర్లు ఇంటికి ఒకటే. ఒకే చిరునామా, ఒకే వైఫై నుంచి వరసగా ఖాతాలు తెరిస్తే అందరి ఆఫర్లూ పోతాయి. రూమ్మేట్ పేరు మీద ఖాతా నడపడం నిబంధనలకు విరుద్ధం, అందులోని డబ్బు ఆపేస్తారు. "నీ పేరు, నీ బ్యాంకు ఖాతా ఇవ్వు, వంద పౌండ్లు ఇస్తాం" అని ఎవరైనా వస్తే ఆ మనిషిని గుమ్మం దగ్గర నుంచే పంపేయండి. ఆ ఖాతాలో ఏ దొంగ సొమ్ము తిరిగినా బ్యాంకు ముందు నిలబడేది మీరే. ఫీజు డబ్బు, అద్దె డబ్బు, ఇంటి దగ్గర అప్పు చేసి పంపిన డబ్బు ఇందులోకి తేవద్దు.

ఎంత వస్తుందంటారా? కొత్త ఖాతాల ఆఫర్లన్నీ ఓపిగ్గా చేస్తే కొన్ని వందల పౌండ్లు. ఆ తర్వాత పాత కస్టమర్లకిచ్చే చిన్న ఆఫర్లు, ఒక్కోదానికి రెండు మూడు పౌండ్లు. నెలకు వెయ్యి ఖాయం అని కోర్సు అమ్మేవాళ్లకు కోర్సు అమ్మకమే ఆదాయం. గెలిచినదాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, అది ఈ దేశంలో ఉన్న పెద్ద సౌకర్యం. కానీ ఇల్లు కొనే ఆలోచన ఉంటే, మార్ట్‌గేజ్ (ఇంటి రుణం) ఇచ్చేవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తారు, అందులో బుక్‌మేకర్ల పేర్లు బారులు తీరి ఉంటే ప్రశ్నలొస్తాయి. దీనికి వేరే ఖాతా పెట్టుకుని, దరఖాస్తుకు చాలా నెలల ముందే ఆపేయండి.

కొన్నాళ్లకు బుక్‌మేకర్ మీకు ఆఫర్లు ఆపేస్తాడు, లేదా పది పెన్నీలకు మించి కాయనివ్వడు. ఇక్కడ దీన్ని గబ్బింగ్ అంటారు. వాళ్లకు ఆ హక్కు ఉంది, చాట్‌లో వాదించి లాభం లేదు. గెలిచిన డబ్బే ఇవ్వకపోతే మాత్రం ఊరుకోవద్దు. ముందు వాళ్లకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఎనిమిది వారాల్లో తేలకపోతే వాళ్ల నిబంధనల్లో పేర్కొన్న మధ్యవర్తి సంస్థకు, చాలాసార్లు అది ఐబాస్, పంపండి. ప్రతి బెట్ స్క్రీన్‌షాట్ దాచమని చెప్పేది అందుకే.

ఎదురుపందెం లేకుండా "ఈసారి బ్రైటన్ ఖాయం" అని ఒక్క బెట్ వేయాలనిపించిందా? అదే రోజు ఆపండి. గ్యామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకుంటే లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ సైట్లన్నీ మిమ్మల్ని బయట పెడతాయి. జూదం అలవాటు నుంచి బయటపడటానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 0808 8020 133కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఇంతకుముందు జూదం అలవాటు ఉన్నవాళ్లు ఈ పని అసలు మొదలుపెట్టకూడదు, లెక్క ఎంత పక్కాగా ఉన్నా సరే.

ఆఫర్లు అయిపోయిన ఖాతాలో మిగిలిన పెన్నీలతో సహా డబ్బు వెనక్కి తీసుకుని ఖాతా మూసేయండి. ప్రమోషన్ మెయిళ్లు, మెసేజ్‌లు రద్దు చేయండి. బ్యాంకు యాప్‌లో గ్యాంబ్లింగ్ బ్లాక్ ఆన్ చేయండి. మోంజో బ్యాంకులో అయితే దాన్ని తీసేయాలన్నా 48 గంటలు ఆగాలి.