బధిర బిడ్డతో నైరోబి వచ్చినవారికి: ముందు మీ తల సంగతి చూసుకోండి

మొన్న ఉగాది భోజనాల దగ్గర జరిగింది చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

కొత్తగా వచ్చిన కుటుంబం, ఇంకా నెల కూడా కాలేదు. ఆరేళ్ల బాబుకు పుట్టుకతోనే వినపడదు. మా అమ్మాయికి సంజ్ఞా భాష నేర్పిన టీచరు ఆ రోజు మా పిలుపు మీద వచ్చింది. ఆమె కూడా బధిరురాలే, పశ్చిమ కెన్యాలోని కిసుము వైపు మనిషి. బాబు పక్కన కూర్చుని పావుగంటలో వాడిని నవ్వించింది. తర్వాత వాళ్ల నాన్న వైపు తిరిగి, శనివారాలు ఇంటికొచ్చి నేర్పనా అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. సంతోషం పట్టలేక తల అటూ ఇటూ, అటూ ఇటూ ఊపాడు, మనందరం ఊపినట్టే. ఆమె చేతులు దించేసింది. చిన్నగా నవ్వి లేచి పక్కకు వెళ్లిపోయింది.

"ఏమైందన్నా, నేను ఒప్పుకున్నాను కదా?" అన్నాడు.

ఒప్పుకోలేదు తమ్ముడూ. వద్దన్నావు. నాలుగుసార్లు వద్దన్నావు.

ఆయన్ను తప్పు పట్టలేను. ఏడేళ్ల కిందట నేను చేసిందీ ఇదే, కాకపోతే నష్టం నా బిడ్డకు జరిగింది. తెనాలి నుంచి వచ్చిన మూడో వారం, అమ్మాయికి అప్పుడు అయిదేళ్లు. బడిలో చేర్చిన రోజు అక్కడి బధిర ఉపాధ్యాయురాలు నన్నేదో అడిగింది. పక్కనున్నాయన ఇంగ్లీషులో ఒక్క ముక్కలో చెప్పాడు: సంజ్ఞలతో నేర్పే పిల్లల్లో కూర్చోబెట్టమంటారా అని. తప్పకుండా అనుకుంటూ తల ఊపాను. నోరు తెరిచి ఏమీ అనలేదు. ఈ తండ్రికి సంజ్ఞలు ఇష్టం లేదనుకుని ఆవిడ అమ్మాయిని పెదవుల కదలిక చూసి నేర్చుకునే పిల్లల దగ్గర కూర్చోబెట్టింది. అయిదు వారాలు. రోజూ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. కొత్త ఊరు, అమ్మమ్మ మీద బెంగ పెట్టుకుంది అనుకున్నాం. అసలు సంగతి తెలిసిన రాత్రి నేనూ మా ఆవిడా నిద్రపోలేదు.

అందుకే వీసా, ఇల్లు, గ్యాస్, ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా, కందిపప్పు పార్క్‌లాండ్స్‌లో ఎక్కడ దొరుకుతుంది, వీటిలో ఒక్కటీ నేను చెప్పను. అవి చెప్పడానికి వందమంది ఉన్నారు. తల గురించి చెబుతాను.

సంజ్ఞా భాషలో తల ఊపడం మర్యాద కాదు, మాట. చేతులు "వస్తాను" అంటుండగా తల అడ్డంగా ఆడిందంటే అది "రాను" కిందికి వస్తుంది. కనుబొమలూ అంతే. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేస్తాయి. అవి లేవకపోతే అది ప్రశ్నే కాదు, చెప్పడం. మనకు తల ఒక పక్కకు వాల్చితే సరే, రెండు పక్కలా ఊగిస్తే ఇంకా సరే, మెల్లగా ఊగిస్తూ ఉంటే "వింటున్నాను, చెప్పండి" అని. ఈ చివరిది అన్నిటికన్నా ప్రమాదం. ఎదుటి మనిషి చేతులతో ఓపిగ్గా చెప్పుకొస్తుంటే మీరు వింటున్నాననుకుంటూ తల ఊగిస్తుంటారు. ఆ మనిషికి కనపడేది మాత్రం మాటమాటకీ కాదు, కాదు, కాదు అంటున్న మొహం. ఎంతసేపు చెబుతారు? మానేస్తారు. మీకేమో వీళ్లు ముభావంగా ఉంటారనిపిస్తుంది.

మొదటి నెల అవును అనాలంటే బొటనవేలు ఎత్తండి. తల కదపకండి. అద్దం ముందు నిలబడి కిందికీ పైకీ ఊపడం సాధన చేయండి. సిగ్గుపడే పని కాదిది. నేను పొద్దున్నే గడ్డం గీసుకుంటూ చేసేవాణ్ణి. ఇంట్లో ఒకరినొకరు ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకోండి, మీ తల ఎంత తిరుగుతోందో అప్పటిదాకా మీకు తెలియదు.

తల తర్వాత కళ్లు. పెద్దవాళ్ల ముందు కళ్లు దించడం మనకు నేర్పిన గౌరవం. ఇక్కడ కళ్లు దించితే చెవులు మూసుకున్నట్టే. టీచరు చెబుతుండగా మా ఆవిడ వినయంగా నేల చూసేది. ఆమె ఆగిపోయేది. మా ఆవిడ తల ఎత్తేది, ఆమె మళ్లీ మొదలుపెట్టేది, ఈవిడ మళ్లీ దించేది. ఆ తర్వాత వేలు. మనిషిని వేలితో చూపించకూడదని మనం పిల్లల చేతి మీద కొడతాం. సంజ్ఞా భాషలో నేను, నువ్వు, ఆవిడ అనడమే వేలితో. ఆ వేలిని కిందికి లాగితే బిడ్డ నోరు మూసినట్టు. దయచేసి ఆ పని చేయకండి. అమ్మమ్మ, తాతయ్య వీడియో కాల్‌లో "వేలు చూపిస్తోందేంటి" అంటే మీరే సర్దిచెప్పండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఏ భాష నేర్పించాలి? ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, వీధిలో స్వాహిలి. ఈ దేశంలో నలభైకి పైగా భాషలున్నాయి. ఇన్నిటి మధ్య పిల్లకు ఏది అని తేల్చుకోలేక ఏడాది గడిపినవాళ్లను చూశాను. ఆ ఏడాది తిరిగి రాదు. కెన్యా సంజ్ఞా భాష నేర్పించండి. దాన్ని ఇక్కడివాళ్లు కె.ఎస్.ఎల్. అంటారు. అది స్వాహిలిని చేతుల్లోకి దించింది కాదు, ఇంగ్లీషును దించిందీ కాదు. ఏడు గంటలకు స్వాహిలి వార్తలు, తొమ్మిదికి ఇంగ్లీషు వార్తలు పెట్టి చూడండి. మూలన చిన్న గడిలో సంజ్ఞలు చేసే మనిషి కనిపిస్తే రెండుసార్లూ ఆ చేతుల్లో ఉండే భాష ఒక్కటే. టీవీ వార్తలకు ఆ గడి గానీ, కింద అక్షరాలు గానీ ఉండాలని 2003 నాటి వికలాంగుల చట్టం చెప్పింది. 2010 రాజ్యాంగం ఇంకో అడుగు ముందుకు వేసి, పార్లమెంటు అధికార భాషలు స్వాహిలి, ఇంగ్లీషు, కెన్యా సంజ్ఞా భాష అని 120వ అధికరణంలో రాసింది. పరీక్షల్లోనూ అది ఒక సబ్జెక్టు. ఇంత హోదా ఉన్న భాషను మన పిల్లలకు చివరి దారిగా, వేరే గతి లేక నేర్పుతున్నట్టు మాట్లాడకండి. నాకు కోపం వచ్చేది అక్కడే.

హైదరాబాదులోనో విజయవాడలోనో కొంత నేర్చుకుని వచ్చిన పిల్లలైతే ఇంకో చిక్కు. భారతీయ సంజ్ఞా భాషలో అక్షరాలు రెండు చేతులతో చేస్తారు, ఇక్కడ ఒక్క చేత్తో, అమెరికా పద్ధతిలో. మొదటి వారం పిల్లలు అయోమయపడతారు. పాతది మాన్పించకండి. మా అమ్మాయి ఇప్పటికీ గుంటూరులో ఉన్న స్నేహితురాలితో వీడియోలో రెండు చేతులతో అక్షరాలు చేస్తుంది, ఇటు తిరిగి తమ్ముడితో ఒక చేత్తో. ఒక బుర్రలో రెండు పట్టవని మనకు చెప్పిందెవరు? తెలుగూ హిందీ ఇంగ్లీషూ పట్టిన బుర్రలే కదా మనవి.

బడి విషయం త్వరగా చెప్పేస్తాను. కొన్ని బడుల్లో సంజ్ఞలను ఇంగ్లీషు వాక్యం వరసలో పేర్చి వాడతారు. అది ఇంగ్లీషు నేర్పడానికి పనికొస్తుంది. కానీ బధిరులు తమలో తాము మాట్లాడుకునే భాష అది కాదు. పిల్లలు విరామంలో ఎలా మాట్లాడుకుంటున్నారో గేటు దగ్గర నిలబడి పది నిమిషాలు చూడండి. అదీ అసలు భాష. కిసుము పిల్లలకీ మొంబాసా పిల్లలకీ కొన్ని సంజ్ఞల్లో తేడా ఉంటుంది, మన కోస్తా, తెలంగాణ మాటల్లా. దానికి కంగారు పడక్కర్లేదు.

టీచరును ఎలా ఎంచుకోవాలి? బధిరులనే పెట్టుకోండి. వినగలిగినవాళ్లు ఎంత బాగా చేసినా మొదటి టీచరు బధిరులే కావాలి. చేతులు చకచకా కదలడం చూసి మోసపోకండి. 2013 డిసెంబర్ 10న జొహానెస్‌బర్గ్ స్టేడియంలో మండేలా సంస్మరణ సభ జరిగింది. వేదిక మీద, ప్రపంచ నాయకుల పక్కన, ఒక దుభాషి గంటల తరబడి చేతులు కదిపాడు. సంజ్ఞలు రానివాళ్లకు అనుమానం రాలేదు. అక్కడి బధిర ఎంపీ విల్మా న్యూహౌట్-డ్రూచెన్‌తో సహా బధిరులు వెంటనే పట్టుకున్నారు, ఆ చేతుల్లో అర్థమే లేదని. కాబట్టి ఎవరు మంచి దుభాషి అని మనం తేల్చకూడదు. బధిరులను అడగాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మరీ జాగ్రత్త. ఇంట్లో పెద్ద పిల్లను దుభాషిగా తీసుకెళ్లే అలవాటు మొదలుపెట్టకండి. తొమ్మిదేళ్ల పిల్ల నోట డాక్టరు మాటలు చెప్పించడం రెండు పసిప్రాణాల మీదా భారమే.

మాటల్లో మర్యాద కూడా ఉంది. స్వాహిలిలో "బుబు" అని కొందరంటారు, మన "మూగ"లాగా. అనకండి, ఎవరైనా అంటే ఊరుకోకండి. "కిజివి" అనండి, బహువచనం "విజివి". పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టడమో, లైటు ఒకసారి ఆర్పి వెలిగించడమో చేయాలి. సంజ్ఞా పేరు, అంటే మనిషిని పేరుకు బదులు చూపించే సంజ్ఞ, మీరు పెట్టుకునేది కాదు, బధిరులు పెట్టేది. మా ఆవిడ బొట్టు చూసి నుదుటి మీద చిటికెన వేలు ఆనించే పేరు పెట్టారు. దానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది.

ఉద్యోగం మీద ఇంకో దేశం వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, సరిహద్దు దాటితే సంజ్ఞా భాష మారుతుంది. ఉగాండాది వేరు. అక్కడి రాజ్యాంగం 1995లోనే బధిరుల సంజ్ఞా భాషను ప్రోత్సహించాలని చెప్పింది, 1996లో బధిరుడైన అలెక్స్ న్డీజీ ఎంపీ అయ్యారు. టాంజానియాలో బడికో తీరుగా సంజ్ఞలు పెరిగాయి, ఊరు మారితే మళ్లీ కళ్లు తెరుచుకుని నేర్చుకోవాలి. ఘనాలో ఆండ్రూ ఫాస్టర్ అనే బధిరుడైన నల్లజాతి అమెరికన్ 1957లో ఆక్రాలో బడి పెట్టారు. పదకొండో ఏట జబ్బుచేసి వినికిడి పోయిన మనిషి, తర్వాత ఆఫ్రికాలో ఎన్నో దేశాల్లో బడులు పెట్టుకుంటూ వెళ్లారు. అందుకే అక్కడి నగరాల్లో అమెరికా సంజ్ఞల పోలిక కనిపిస్తుంది. అదే ఘనాలో అడమొరొబే అనే పల్లెలో తరతరాలుగా బధిరులు ఎక్కువ, అక్కడ పుట్టిన భాష పూర్తిగా వేరు, వినగలిగిన ఊరివాళ్లు కూడా మాట్లాడేవారు. దక్షిణాఫ్రికాలో, మనవాళ్లు చెరకు తోటలకు వెళ్లి తరాలుగా స్థిరపడిన దర్బన్ ఉన్న దేశంలో, 2023 జులైలో సంజ్ఞా భాష పన్నెండో అధికార భాష అయింది. ఎక్కడికి వెళ్లినా "ఆఫ్రికా సంజ్ఞలు వచ్చు" అనకండి. "ఇండియా భాష మాట్లాడతాను" అన్నట్టుంటుంది.

మళ్లీ తల దగ్గరికే వస్తున్నాను. బంధువులు ఇండియా నుంచి చూడటానికి వస్తారు. విమానాశ్రయంలోనే చెప్పండి. మా నాన్నగారు మనవరాలు ఏం అడిగినా ప్రేమగా తల ఊపేవారు. బయటికి వెళ్దామా? తల ఊపారు. కథ చెబుతావా? తల ఊపారు. తాతయ్య అన్నిటికీ వద్దంటున్నాడని అది తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. విషయం చెప్పాక రెండు రోజులు బొటనవేలు ఎత్తడం సాధన చేశారు.

సరే, ఇంత చెప్పి భయపెట్టాను కాబట్టి ఒక మంచి మాట కూడా చెప్పాలి. మనకు ఇది ఇంగ్లీషు వాళ్లకన్నా తేలిక. "నీ పేరు ఏమిటి" అని మనం ఏమిటిని చివర పెడతాం, కె.ఎస్.ఎల్.లో కూడా "పేరు, నీది, ఏమిటి" అనే వస్తుంది. నేను నలభై దాటాక మొదలుపెట్టాను, ఏడాదిన్నరకు మా అమ్మాయి నాతో పోట్లాడగలిగింది. పోయిన అయిదు వారాలు అది ఎప్పుడో పూడ్చుకుంది, గుర్తుంది నాకే. ఇక్కడి బధిరులు మనం తప్పు చేస్తే మూడుసార్లు, నాలుగుసార్లు చెబుతారు. ఉగాది నాడు నొచ్చుకున్న ఆ టీచరుకు విషయం చెబితే కడుపుబ్బ నవ్వింది, ఆయన తల ఊపు ఎలా ఉంటుందో మళ్లీ చేసి చూపించమంది.

ఈ శనివారం పది గంటలకు ఆమె మా ఇంటికి వస్తోంది. ఆ బాబును, వాళ్ల అమ్మానాన్నను రమ్మన్నాం. మీకూ ఇలాంటి బిడ్డ ఉంటే రండి, పెసరట్లు వేస్తాం. మొదటి రోజు వేళ్లు నొప్పి పుడతాయి, రెండో వారానికి తగ్గుతాయి.