బోర్డో ఎస్టేట్‌లో తెలుపు, ఎరుపు వైన్లను రుచి చూడటం ఎలా?

ఫ్రాన్స్‌లోని బోర్డో అనగానే చాలామందికి ఎర్ర వైనే గుర్తొస్తుంది. కానీ ఒకే ఎస్టేట్‌లో తయారైన తెలుపునూ ఎరుపునూ వరసగా రుచి చూస్తేనే ఆ నేల సంగతి తెలుస్తుంది. అందుకు బోర్డో నగరాన్ని ఆనుకుని దక్షిణంగా ఉన్న పెస్సాక్-లెయోన్యాన్ ప్రాంతాన్ని మించింది లేదని నా అభిప్రాయం. 1987లో ప్రత్యేక గుర్తింపు పొందిన ఈ గులకరాళ్ల నేలలో షాతో ఓ-బ్రియోన్, దొమెన్ ద షెవాలియే లాంటి ఎస్టేట్లు రెండు రకాలూ చేస్తాయి.

ముందే బుక్ చేసుకోండి

పారిస్ నుంచి బోర్డోకు టీజీవీ అనే వేగపు రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పేరున్న ఎస్టేట్లకు చెప్పకుండా వెళ్తే గేటు దగ్గరే ఆగిపోవాల్సి రావచ్చు. ముందుగా రాసి, మధ్యాహ్న భోజనానికి ముందు సమయం అడగండి. కాస్త ఆకలిగా ఉన్నప్పుడు ముక్కు, నాలుక చురుగ్గా ఉంటాయి. ఆ పూట సెంటు కొట్టుకోవద్దు. కాఫీ, వక్కపొడి, పుదీనా గమ్ దగ్గరికి రానీయొద్దు.

తెలుపుతో మొదలుపెట్టండి

ఎరుపు ముందు తాగితే దాని వగరు నాలుక మీద నిలిచిపోయి, తెలుపు పలచగా అనిపిస్తుంది. ఇదేమీ ఫ్రాన్స్ అంతటా ఉన్న నియమం కాదు. బర్గండీ అనే మరో వైన్ ప్రాంతంలో చాలా సెల్లార్లలో (వైన్ నిల్వ గదుల్లో) ఎరుపే ముందు పోస్తారు, ఎందుకంటే అక్కడి ఎరుపు సున్నితం, తెలుపు నిండుగా ఉంటుంది.

తెలుపు 10–12 డిగ్రీల దగ్గర బాగుంటుంది. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు. అప్పుడు గ్లాసును రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకోండి. గ్లాసు మూడో వంతుకు మించి నిండకూడదు. తెల్ల కాగితం మీదికి వంచి రంగు చూడండి: వయసు పెరిగేకొద్దీ తెలుపు బంగారు రంగులోకి ముదురుతుంది, ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరుగుతుంది.

తర్వాత గ్లాసు కదపకుండా ఒకసారి, గుండ్రంగా తిప్పి ఇంకోసారి వాసన చూడండి. ఈ రెండింటి మధ్య తేడా దగ్గర తొందరపడకండి, అసలు విషయమంతా అక్కడే ఉంది. సావిన్యోన్ బ్లాంక్ ద్రాక్ష పంపరపనసను తలపిస్తుంది. సెమియోన్ వయసు మీద తేనె, మైనం వాసన తెచ్చుకుంటుంది. పుస్తకాల్లోని పేర్ల కోసం వెతక్కండి, మీకు తోచిన మాటే రాసుకోండి.

చిన్న గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, కాస్త గాలి లోపలికి పీల్చి, ఉమ్మి పాత్రలో ఉమ్మేయండి. మొహమాటం వద్దు, అక్కడ అది మర్యాదే. రుచి ఎంతసేపు నిలిచిందో గమనించండి.

ఇప్పుడు ఎరుపు

నీళ్లు తాగి, ఓ రొట్టె ముక్క నమలండి. ఎరుపు 16–18 డిగ్రీల్లో ఉండాలి. ఇక్కడ కాబెర్నే సావిన్యోన్, మెర్లో అనే నల్ల ద్రాక్షలు కలుస్తాయి. బ్లాక్‌కరెంట్, దేవదారు, ఒక్కోసారి పొగ వాసన. నేరేడు పండు తిన్నాక నోరు పట్టేసినట్టుండే వగరు చిగుళ్ల మీద తెలుస్తుంది. ఎరుపును తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి రంగు, వగరు దిగుతాయి. తెలుపుకు రసం ముందే పిండేస్తారు. వయసు తక్కువున్న ఎరుపు బిరుసుగా ఉంటే తప్పుబట్టకండి, ఈ వైన్లు ఏళ్ల తరబడి సీసాలో మెత్తబడతాయి.

ఇంకో మాట. కాబెర్నే సావిన్యోన్‌కు కన్నవాళ్లు కాబెర్నే ఫ్రాంక్, సావిన్యోన్ బ్లాంక్ అని 1997లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలతో తేల్చారు. అంటే తెల్ల ద్రాక్షకు పుట్టిన నల్ల ద్రాక్ష! అది తెలిశాక మళ్లీ తెలుపు గ్లాసు దగ్గరికి వెళ్లి వాసన చూడండి. ఈసారి అది వేరుగా అనిపిస్తుంది.

బయల్దేరే ముందు

కారు నడపాల్సిన వాళ్లు ప్రతి గుక్కా ఉమ్మాల్సిందే. ఫ్రాన్స్‌లో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, కొత్త డ్రైవర్లకు 0.2 మాత్రమే. ఇండియాకు సీసాలు తెచ్చుకునేవాళ్లకు సుంకం లేకుండా 2 లీటర్ల వరకే అనుమతి. 750 మిల్లీలీటర్ల సీసాలైతే రెండు: ఒక తెలుపు, ఒక ఎరుపు తీసుకోండి.