లక్ష ఫోన్ ముప్పై వేలకు వస్తోందా? చౌరస్తాలో పైసలు ఇచ్చే ముందు చూడాల్సినవి

2017 నవంబరులో ఐఫోన్ టెన్ మన దగ్గర 89,000 రూపాయలకు అమ్మకానికి వచ్చింది. ఏడాది తిరక్కముందే, 2018 ఆగస్టులో, పోకో ఎఫ్1 20,999 రూపాయలకు దిగింది. లోపలున్నది ఆ ఏడాది ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లలో వాడిన స్నాప్‌డ్రాగన్ 845 చిప్పే. అప్పటి నుంచి ఆ తేడా కరుగుతూనే ఉంది. ఇప్పుడు పాతిక, ముప్పై వేల ఫోన్‌లోనే 120 హెర్ట్జ్ అమోలెడ్ తెర, 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ దొరుకుతున్నాయి. లక్ష పెట్టడానికి కారణం దొరక్క చాలామంది ఉన్న ఫోన్‌నే నాలుగేళ్లు లాగిస్తున్నారు.

దీంతో కొనేవాడికి ఒక లాభం ఉంది. ఖరీదైన ఫోన్ ఒకసారి పెట్టె విప్పితే ధర గబగబా పడిపోతుంది. హనుమకొండ చౌరస్తా దుకాణాల్లో రెండు, మూడేళ్లు వాడిన ఫ్లాగ్‌షిప్ (కంపెనీ అన్నిటికంటే ఖరీదైన మోడల్), కొత్త మధ్యరకం ఫోన్ ఒకే కౌంటర్ మీద దాదాపు ఒకే రేటుకు కనిపించేది అందుకే. రెండింట్లో ఏది తీసుకోవాలి, పాతదే తీసుకుంటే ఎలా పరీక్షించాలి అన్నదే ఇక్కడ విషయం.

ముందు నెల లెక్క

పాత ఫోన్ ధర చూడకండి, దానికి ఇంకా ఎన్ని నెలల సెక్యూరిటీ అప్‌డేట్లు మిగిలాయో చూడండి. శాంసంగ్ గెలాక్సీ ఎస్22, ఎస్23లకు విడుదలైన నాటి నుంచి ఐదేళ్లు. అంటే 2022 ఫిబ్రవరి నాటి ఎస్22కు 2027తో, 2023 ఫిబ్రవరి నాటి ఎస్23కి 2028తో సరి. 2024 జనవరిలో వచ్చిన ఎస్24 నుంచి అది ఏడేళ్లయింది. గూగుల్ పిక్సెల్‌లో 8 నుంచి ఏడేళ్లు. ఈ గడువు మీరు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి నడుస్తుంది. ఐఫోన్లకు ఆరేళ్లకు అటూ ఇటూ వస్తున్నాయి.

ఇప్పుడు భాగించండి. 28,000కు పాత ఫ్లాగ్‌షిప్, దానికి బ్యాటరీ మార్పిడి 4,000 అనుకుంటే మొత్తం 32,000. అప్‌డేట్లు రెండేళ్లే మిగిలితే నెలకు 1,333 రూపాయలు. నాలుగేళ్లు మిగిలితే 667. నాలుగేళ్లు అప్‌డేట్లిచ్చే కొత్త ఫోన్ 30,000కు కొంటే నెలకు 625. కాబట్టి గడువు దగ్గరపడ్డ ఫ్లాగ్‌షిప్ ఎంత మెరిసినా ఖరీదైన బేరమే. అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు నడపడం మంచిది కాదు.

ఇంకో లెక్క: ఆ మోడల్‌కు ఒరిజినల్ తెర ఎంతో సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి. ఆ రేటు మీరు పెట్టే ధరలో సగం దాటితే ఆ ఫోన్ వదిలేయడమే మేలు, ఒక్కసారి జారిపడితే చాలు. సర్వీస్ సెంటర్ హనుమకొండలోనే ఉందా, హైదరాబాద్ దాకా పోవాలా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, కెమెరా కోసమైతేనే పాత ఫ్లాగ్‌షిప్. పెళ్లి వీడియోలు, ఇన్‌స్టా పనులు చేసేవాళ్లకు ఆ తేడా నిజంగా కనిపిస్తుంది. రోజంతా మ్యాపులు పెట్టుకుని బండి మీద తిరిగేవాళ్లకు, పిల్లల ఆటలకు కొత్త మధ్యరకమే నయం.

పెట్టె విప్పని పాత మోడల్

వాడిన ఫోన్ వద్దనుకుంటే నిరుటి మోడల్ కొత్తదే తీసుకోవచ్చు. సెప్టెంబరులో కొత్త ఐఫోన్ రాగానే ముందటి మోడల్ అధికారిక ధర తగ్గిస్తారు. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 15 ధర 79,900 నుంచి 69,900కు వచ్చింది. బతుకమ్మ, దసరా ఆఫర్లు కూడా ఆ వెనకాలే వస్తాయి కనుక ఆగస్టులో ఐఫోన్ కొనడం దండగ. శాంసంగ్ ఎస్ సిరీస్‌కు అలాంటి సమయం జనవరి, ఫిబ్రవరి.

'నో కాస్ట్ ఈఎంఐ' అనగానే వడ్డీ లేదనుకోవద్దు. క్రెడిట్ కార్డు మీద 60,000 ఫోన్, 12 నెలలు, నెలకు 5,000, బ్యాంకు వడ్డీ 15 శాతం అనుకుందాం. కంపెనీ ఫోన్ ధరలో 4,603 రూపాయలు తగ్గించి చూపిస్తుంది, బ్యాంకు అంతే వడ్డీగా రాబడుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 829 రూపాయలు మీ జేబులోంచే. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే దాని మీదా జీఎస్టీ కలిపి 235. మొత్తం 1,064 అదనం. ఒకేసారి కట్టేవాళ్లకు కార్డు డిస్కౌంటు ఎంతిస్తున్నారో కూడా అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

నంబరు, లాకులు

వాడిన ఫోన్ చూడటానికి పగలే వెళ్లండి. వెంట మీ సిమ్, మీ ఛార్జర్, కేబుల్ ఉండాలి. ఫోన్ 50, 60 శాతం ఛార్జింగ్‌తో ఇవ్వమని ముందే చెప్పండి, ఎందుకో కింద ఉంది.

మొదట *#06# కొట్టండి. 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. అది సెట్టింగ్స్‌లోని 'అబౌట్'లో, పెట్టె మీద, బిల్లు మీద ఒకటే కావాలి. తర్వాత ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు టైప్ చేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌లోనూ చూడొచ్చు. జవాబులో బ్రాండు, మోడల్ పేరు వస్తాయి. చేతిలో ఉన్నది ఒకటై, జవాబులో ఇంకోటి వస్తే బోర్డు మార్చారనో, నంబరు దిద్దారనో అర్థం. బ్లాక్ లిస్టెడ్, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్ అని వస్తే బేరం అక్కడే ఆపండి. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు నంబర్లుంటాయి, రెండూ పంపాలి.

ఇక అకౌంట్లు. వరస తప్పొద్దు: అమ్మేవాడు ముందు తన గూగుల్ లేదా ఆపిల్ అకౌంట్ తీసేయాలి, ఐఫోన్ అయితే 'ఫైండ్ మై' ఆపాలి, ఆ తర్వాత సెట్టింగ్స్ లోంచే రీసెట్ కొట్టాలి, చివరికి మీరు మీ అకౌంట్‌తో హోమ్ స్క్రీన్ దాకా వెళ్లాలి. వాల్యూమ్, పవర్ బటన్లు పట్టి రికవరీలోంచి రీసెట్ చేస్తే పాత గూగుల్ అకౌంట్ లాక్ అలాగే మిగిలి, తెరవగానే పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. 'ఇంటికి పోయి సెట్ చేసుకో అన్నా, ఏం కాదు' అంటే ఒప్పుకోకండి.

మన దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది కిస్తీ లాక్‌తో. ఫైనాన్స్ మీద తీసుకున్న ఫోన్లలో వాయిదా తప్పితే దూరం నుంచే లాక్ చేసే ఏర్పాటు ఉండొచ్చు. అమ్మిన రోజు ఫోన్ బాగానే ఉంటుంది, పాత యజమాని కిస్తీ ఎగ్గొట్టిన నెలలో మీ చేతిలో రాయి అవుతుంది. సెట్టింగ్స్ వెతికే చోట 'డివైస్ అడ్మిన్' అని కొట్టి, అక్కడ ఫైనాన్స్ యాప్ పేరేదైనా ఉందేమో చూడండి. రీసెట్ తర్వాత సెటప్‌లో 'ఈ ఫోన్ ఫలానా సంస్థది' అని ఇంగ్లిష్‌లో వచ్చినా వదిలేయండి. ఫైనాన్స్ మీద కొన్న బిల్లయితే లోన్ తీరినట్టు ఎన్‌ఓసీ కాగితం అడగాలి, మాట సరిపోదు.

గల్ఫ్ నుంచి వచ్చిన ఫోన్లు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు దుబాయ్, సౌదీల నుంచి వచ్చిన ఐఫోన్లు బాగా తిరుగుతుంటాయి. ఫోన్ మంచిదే కావచ్చు, కానీ మోడల్ నంబరు చదవండి. 'అబౌట్'లో ఆ నంబరులోని వాలు గీత (/)కు ముందున్న అక్షరాలు దేశం చెబుతాయి: హెచ్ఎన్ మనది, ఏఈ యూఏఈ, ఎల్ఎల్ అమెరికా. అదే నంబరులో మొదటి అక్షరం ఎమ్ అయితే కొత్తగా అమ్మింది, ఎఫ్ అయితే కంపెనీ బాగుచేసి అమ్మింది, ఎన్ అయితే రిపేరుకు బదులిచ్చింది.

అమెరికా ఫోన్లకు ఐఫోన్ 14 నుంచి సిమ్ ట్రేనే లేదు, ఫోన్ లోపలే ఉండే ఈ-సిమ్ ఒక్కటే. ఐఫోన్ 17 సిరీస్‌లో సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లలో అమ్మినవాటికీ ట్రే లేదు. ఊళ్లో సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకునే అలవాటున్నవాళ్లకు ఇది రోజూ తలనొప్పే. ఫోన్‌ను ఒకే కంపెనీ సిమ్‌కు కట్టేయలేదని తెలియాలంటే 'అబౌట్'లో 'క్యారియర్ లాక్' దగ్గర 'నో సిమ్ రెస్ట్రిక్షన్స్' అని ఉండాలి. ఆండ్రాయిడ్ అయితే వారంటీ ఇక్కడ చెల్లదనే లెక్కతోనే ధర కట్టండి.

తెర

సగం డబ్బు ఇక్కడే ఉంటుంది కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. ఖరీదైన ఫోన్ పగిలితే ఒరిజినల్ కాంబో (అద్దం, తెర కలిసిన భాగం) వేయించకుండా, చవక ఎల్‌సీడీ కాపీ కాంబో వేసి అమ్మకానికి పెడతారు. పట్టుకోవడం కష్టం కాదు. మొత్తం నల్లగా ఉన్న బొమ్మ తెరపై పెట్టి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, అరచేతులు చుట్టూ అడ్డం పెట్టి చూడండి. ఓఎల్ఈడీలో (అమోలెడ్ కూడా ఈ రకమే) నలుపంటే ఆ చుక్కలు ఆరిపోవడమే, తెర ఉందో లేదో తెలియదు. ఎల్‌సీడీ వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బూడిద రంగులో మెరుస్తుంది. తెరలోనే వేలిముద్ర ఉండే మోడల్ అయితే ఎల్‌సీడీ కాంబో మీద అది పనిచేయదు. 'సెన్సర్ కొంచెం స్లో' అన్న మాటకు అర్థం చాలాసార్లు ఇదే. ఐఫోన్‌లో చుట్టూ వెలుతురును బట్టి తెర రంగు సర్దే 'ట్రూ టోన్' బటన్ కనిపించకపోతే తెర మార్చినట్టు అనుమానించాలి.

తర్వాత తెలుపు, ఎరుపు, పచ్చ బొమ్మలు ఒక్కొక్కటిగా పెట్టండి. శాంసంగ్‌లో *#0*# కొడితే ఈ రంగులన్నీ వస్తాయి. కీబోర్డు ఆకారం, పైన గడియారం జాడ లీలగా కనిపిస్తే తెర కాలింది. ఏళ్ల తరబడి ఒకే యాప్ నడిపిన ఫోన్లలో ఇది మామూలు. నిలువుగా సన్నటి పచ్చ గీత ఒక్కటి ఉన్నా వద్దు. పానెల్ లోపలి కనెక్షన్ పోవడం వల్ల వచ్చే గీత అది, ఎండకు ఫోన్ వేడెక్కినకొద్దీ పక్కన ఇంకోటి పుడుతుంది, కాంబో మార్చడం తప్ప దారి లేదు.

టచ్ కోసం: 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో 'పాయింటర్ లొకేషన్' ఆన్ చేయండి. వేలితో అంచు నుంచి అంచుకు దగ్గరదగ్గరగా గీతలు గీయండి. ప్రతిసారీ ఒకేచోట గీత తెగుతుంటే అక్కడ టచ్ చచ్చింది.

బ్యాటరీ, కెమెరా, నీళ్లు

నూరు శాతం దగ్గర మీటర్ మొండిగా కదలదు, నలిగిన బ్యాటరీ కూడా మంచిదిలాగే కనిపిస్తుంది. 50, 60 శాతంతో రమ్మన్నది అందుకే. పూర్తి బ్రైట్‌నెస్‌తో పావుగంట వీడియో పెట్టండి. నాలుగైదు శాతం పడితే ఫర్వాలేదు, ఎనిమిది దాటినా, ఉన్నట్టుండి గుప్పున పడినా మార్పిడి ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. అంతసేపే మీ ఫాస్ట్ ఛార్జర్ పెట్టి చూడండి. ఐదారు శాతమే ఎక్కితే ముందు పోర్టులో దూది, దుమ్ము ఉన్నాయేమో చూడాలి. చెక్క టూత్‌పిక్‌తో తీయొచ్చు, పిన్నీసు వాడొద్దు.

ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ 80 కంటే తక్కువుంటే మార్చాల్సిందే. మూడేళ్ల ఫోన్‌లో 100 కనిపిస్తే సంతోషపడకండి, 'అబౌట్'లో 'పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ' చూడండి. 'అన్‌నోన్ పార్ట్' అని ఉంటే బయటి సరుకు వేశారు. ఫోన్‌ను బల్లమీద వెల్లకిలా పెట్టి వెనక అంచు గమనించండి, అద్దం లేచి, సందులో కాగితం దూరితే లోపల బ్యాటరీ ఉబ్బింది. మన ఎండకాలంలో దాంతో ఆటలొద్దు.

ఊపితే కెమెరా దగ్గర టకటక శబ్దం రావడం చాలా మోడళ్లలో సహజం, లోపలి లెన్సు వదులుగా తేలుతుంది. కెమెరా తెరిచాక కూడా బొమ్మ వణుకుతుంటే, దగ్గరి అక్షరాల మీద ఫోకస్ కుదరకపోతే అది పోయినట్టే. బైక్ హ్యాండిల్‌కు బిగించి తిప్పిన ఫోన్లలో ఇది ఎక్కువ. బండి అదురుకు కెమెరా పాడవుతుందని ఆపిల్ స్వయంగా హెచ్చరించింది. రెండు నిమిషాలు 4కే వీడియో తీయండి, ఆగిపోకుండా నడవాలి.

సిమ్ ట్రే లాగి లోపలికి టార్చ్ కొట్టండి. తడి తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఒకసారి విప్పిన ఫోన్‌కు ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకునే గుణం) మాట మరిచిపోవాలి, జిగురు సీల్ ఎప్పుడో పోయుంటుంది. చివరగా మీ సిమ్ వేసి ఒక కాల్ మాట్లాడండి. చెవి దగ్గర పెట్టగానే తెర ఆరాలి, స్పీకర్‌లో పెట్టినా అవతలివాళ్లకు మీ మాట వినపడాలి.

కాగితం

డబ్బు యూపీఐలోనే పంపండి, జాడ ఉంటుంది. తెల్లకాగితం మీద మోడల్, రెండు ఐఎంఈఐలు, తేదీ, ధర రాయించి సంతకం తీసుకోండి. నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ కాపీ, పాత జీఎస్టీ బిల్లు జత చేయండి. దొంగ సొత్తు అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కొన్నవాడికీ వర్తిస్తుంది. బిల్లు లేదు కాబట్టి రెండు వేలు తగ్గిస్తానంటే ఆ తగ్గింపు అక్కర్లేదు.

ఆ కాగితాలు ఫొటో తీసి ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో పెట్టుకోండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు, కొన్న కాగితంతో ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయించాలి. ఆ ఫారానికి ఓటీపీ వస్తుంది. డూప్లికేట్ సిమ్ తీసుకున్నా మొదటి 24 గంటలు దానికి ఎస్సెమ్మెస్‌లు రావు, ఓటీపీకి ఇంట్లో ఇంకొకరి నంబరు ఇవ్వండి.