జీపీ సర్జరీ చేతులు మారబోతోందా? ఉత్తరం వచ్చేదాకా ఆగకండి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లలో కొంతమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఉత్తరం వస్తుంది: ఫలానా తేదీ నుంచి మీ జీపీ సర్జరీని (ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌ని) వేరే సంస్థ నడుపుతుంది, మీరు ఏమీ చేయనక్కర్లేదు అని. మాకూ వచ్చింది. నేను చదివి పక్కన పెట్టేశాను. తర్వాత అమ్మ అపాయింట్‌మెంట్లకి తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ని పెట్టడం ఆగిపోయింది, ఎవర్ని అడగాలా అని తిరిగితే తెలిసిందేమిటంటే, మేం నోరు విప్పాల్సిన సమయం ఆ ఉత్తరానికి చాలా నెలల ముందే దాటిపోయిందని. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు మీ సర్జరీ ఏ కాంట్రాక్టు మీద నడుస్తోందో ప్రాక్టీస్ మేనేజర్‌ని అడగండి. జీఎంఎస్ (మామూలు జాతీయ కాంట్రాక్టు) అయితే దానికి గడువంటూ ఉండదు, డాక్టర్లు కాంట్రాక్టు వెనక్కి ఇచ్చేస్తేనో, తనిఖీ సంస్థ సీక్యూసీ రిజిస్ట్రేషన్ రద్దు చేస్తేనో సమస్య వస్తుంది. ఏపీఎంఎస్ (కంపెనీల్లాంటి ఇతర సంస్థలకీ ఇవ్వగలిగే కాంట్రాక్టు) అయితే ఇన్నేళ్లు అని రాసి ఉంటుంది. ఆ తేదీ కనుక్కుని, కనీసం ఏడాది ముందు నుంచే కనిపెట్టుకుని ఉండండి.

నిర్ణయం తీసుకునేది మీ ప్రాంతపు ఐసీబీ (ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డ్), అంటే 2022 జులైలో ఏర్పడిన ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) బోర్డు. టెండర్ పిలవాలా, ఉన్నవాళ్లకే కొనసాగించాలా, లేక సర్జరీ మూసేసి పేషెంట్లని చుట్టుపక్కల సర్జరీలకి పంచేయాలా అన్నది అక్కడి ప్రైమరీ కేర్ కమిటీ ముందుకి ఒక పేపర్‌గా వస్తుంది. బహిరంగ సమావేశాల పేపర్లు వాళ్ల వెబ్‌సైట్‌లో పెడతారు. మన మాటకి విలువ ఉండేది ఇక్కడే, ఎందుకంటే కొత్తవాళ్లు ఏమేం చేయాలో చెప్పే స్పెసిఫికేషన్ ఈ దశలోనే తయారవుతుంది. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రొవైడర్ ఎంపిక నిబంధనల ప్రకారం ప్రతిసారీ టెండర్ పిలవాలనేం లేదు, కానీ ఎంపికలో ఐదు అంశాలు చూడాలి: నాణ్యత, డబ్బుకి తగ్గ విలువ, మిగతా సేవలతో కలిసి పనిచేయడం, అందరికీ అందుబాటు, సమాజానికి మేలు. దేనికెంత ప్రాధాన్యం ఇస్తారో అడగండి. ఫలితం ప్రకటించాక కనీసం 8 పనిదినాల విరామం ఉంటుంది నిజమే, అయితే ఆ సమయంలో అభ్యంతరం చెప్పే హక్కు కాంట్రాక్టు ఆశించిన సంస్థలకే, పేషెంట్లకి కాదు.

సేవలు అందే తీరు మారబోతుంటే ప్రజల్ని భాగం చేయాలని ఎన్‌హెచ్‌ఎస్ చట్టంలో 14జెడ్45 సెక్షన్ చెబుతుంది. దీన్ని మెయిల్‌లో ప్రస్తావించండి, కానీ దాని మీదే భారం వేయకండి. 2021లో లండన్‌లోని చాలా సర్జరీలు అమెరికా కంపెనీ సెంటీన్‌కి చెందిన ఆపరోజ్ చేతికి వెళ్లినప్పుడు ఇజ్లింగ్టన్ కౌన్సిలర్ ఒకరు హైకోర్టుకి వెళ్లారు, 2022లో కోర్టు ఆ కేసు కొట్టేసింది. అంతా అయిపోయాక కోర్టుకి వెళ్లడం ఎంత కష్టమో అది చూస్తే అర్థమవుతుంది.

ఇక కౌన్సిల్. కౌంటీ, యూనిటరీ, లండన్ బరో కౌన్సిళ్లలో ఆరోగ్య సేవల మీద స్క్రూటినీ కమిటీ (కౌన్సిలర్లు నిఘా పెట్టే కమిటీ) ఉంటుంది. ప్రొవైడర్‌ని ఎంచుకునే అధికారం దానికి లేదు, ఐసీబీ నిర్ణయాన్ని రద్దు చేయనూలేదు. పైగా వివాదాన్ని ఆరోగ్య మంత్రికి నేరుగా పంపే పాత అధికారం కూడా 2024 జనవరి 31తో పోయింది. అయినా ఐసీబీ అధికారుల్ని పిలిపించి, సమాచారం తెప్పించి, అందరి ముందూ ప్రశ్నలు వేయగలదు, జవాబులు మినిట్స్‌లో (సమావేశపు రికార్డులో) ఉండిపోతాయి. అది చిన్న విషయం కాదు.

కమిటీలోని కౌన్సిలర్‌కి, మీ వార్డు కౌన్సిలర్‌కి ఒకే పేజీలో రాయండి. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నా, వీసా మీద ఇక్కడ నివసించే కామన్వెల్త్ పౌరులుగా మనకి స్థానిక ఎన్నికల్లో ఓటు ఉంది, పేరు నమోదు చేసుకుని ఉంటే ఆ మాట కూడా రాయండి. "సర్వీస్ బాగుండాలి" అని రాస్తే ఎవరికీ పని ఉండదు. వారానికి ఎన్ని జీపీ సెషన్లు (డాక్టర్ పనిచేసే పూటలు) ఉంటాయి, ఫోన్‌లో కాకుండా డాక్టర్‌ని నేరుగా చూసే వీలు ఎంత, బ్రాంచ్ సర్జరీ ఉంచుతారా, ఇంటర్‌ప్రిటర్ ఏర్పాటు స్పెసిఫికేషన్‌లో రాశారా, బిడ్లకి మార్కులు వేసేవాళ్లలో పేషెంట్ ప్రతినిధి ఉన్నారా, ఇలాంటివి అడగండి. ధరల గురించి అడిగితే వ్యాపార రహస్యం అంటారు, ఈ ప్రశ్నలకి ఆ జవాబు కుదరదు. స్క్రూటినీ కమిటీ అజెండా సాధారణంగా సమావేశానికి ఐదు పనిదినాల ముందే బయటికొస్తుంది. ప్రజలు ప్రశ్న పంపే గడువు మాత్రం ఒక్కో కౌన్సిల్‌లో ఒక్కోలా ఉంటుంది, కౌన్సిల్ సమావేశాలు చూసే డెమొక్రటిక్ సర్వీసెస్ విభాగం వాళ్లకి ఫోన్ చేస్తే చెప్తారు.

ఒక్కరే కాకుండా సర్జరీలోని పేషెంట్ గ్రూప్ తరఫున వెళ్తే ఇంకా బాగుంటుంది. 2015 ఏప్రిల్ నుంచి ప్రతి ప్రాక్టీస్‌లో ఆ గ్రూప్ ఉండాలని కాంట్రాక్టులోనే ఉంది. మనవాళ్లు పిల్లల స్కూల్ మీటింగులకి తప్పకుండా వెళ్తారు, దీనికి మాత్రం వెళ్లరు. దయచేసి చేరండి.

కొత్త సంస్థ పేరు బయటికొచ్చాక, వాళ్లు ఇప్పటికే నడుపుతున్న సర్జరీల సీక్యూసీ రిపోర్టులు, ఏటా వచ్చే జీపీ పేషెంట్ సర్వే ఫలితాలు తీసి చూడండి. సర్జరీకి ఫోన్ కలవడం ఎంత కష్టంగా ఉందో సర్జరీ వారీగా ఆ సర్వేలో ఉంటుంది. ఆ అంకెలు కౌన్సిలర్‌కి పంపి, ఆరు నెలల తర్వాత ఐసీబీ మళ్లీ స్క్రూటినీ కమిటీ ముందుకొచ్చి లెక్క చెప్పాలని ఆ కమిటీ సమావేశంలోనే తీర్మానం చేయించండి. ఒప్పందంలో పనితీరు లక్ష్యాలేంటో చెప్పకపోతే సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడగండి, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. మా ఇంటర్‌ప్రిటర్ విషయం ఇప్పుడు ఆ దారిలోనే నడుస్తోంది.